అమ్మ ఇచ్చిన కిడ్నీ: 4 ఏళ్ల వాడకం తర్వాత నా రివ్యూ

మాది అనంతపురం. వారానికి 3 సార్లు, ఒక్కోసారి 4 గంటల లెక్కన రెండేళ్లు డయాలసిస్ చేయించుకుని, ఆఖరికి కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా అమ్మ కిడ్నీ పెట్టించుకున్నాను. ఆపరేషన్‌కు పోబోయేవాళ్లు ఇప్పటికీ ఫోన్ చేసి "నొప్పి ఎట్లుంటాదన్నా" అని అడుగుతుంటారు. నొప్పికి ఇంజక్షన్ ఉంది, దాని గురించి టెన్షన్ వద్దు. నన్ను ఆశ్చర్యపరిచింది నీళ్లు.

డయాలసిస్‌లో ఉన్నన్నాళ్లూ నీళ్లు, మజ్జిగ, చారు అన్నీ కలిపి రోజుకు ముక్కాలు లీటరే తాగాలి, అదీ అనంతపురం మే నెల ఎండల్లో, అంటే ఐసు ముక్క బుగ్గన పెట్టుకుని కరిగేదాకా మాట్లాడకుండా కూర్చున్న రోజులు చాలా ఉన్నాయి. అట్లాంటోడికి ఆపరేషన్ అయిన రాత్రి గంటగంటకూ ఎంత మూత్రం వస్తే దాని లెక్క చూసి సెలైన్ ఎక్కించారు. సిస్టర్ మంచం పక్కన వంగి, గీతలున్న ప్లాస్టిక్ జగ్గులోకి సంచి వంచి, లైటుకు ఎదురుగా పెట్టి చూసి, షీటు మీద 450 అని రాసేది. తర్వాతి గంటకు 600. మొదటి 24 గంటల్లో 11 లీటర్లు! రెండేళ్లుగా బాత్రూం ముఖం సరిగ్గా చూడనోడిని, నాకు నిజంగా భయమేసింది, ఏదో పగిలిందేమో అనుకున్నా. మూడో రోజు అమ్మను చక్రాల కుర్చీలో తెచ్చి అద్దం తలుపు అవతల నిలిపారు. తన కుట్ల సంగతి ఒక్క ముక్క చెప్పలేదు, "ఒంటేలు బాగా పోతాందా నాయనా?" అని అంత గట్టిగా అడిగింది, వార్డంతా నవ్వారు.

చాలామందికి తెలీదు, పాత కిడ్నీలు మామూలుగా తీయరు. కొత్తది పొత్తికడుపులో పెడతారు, నాకు కుడివైపు. ఇప్పటికీ ఆటో గతుకులో పడితే చెయ్యి దానంతటదే అక్కడికి పోతుంది.

ఇక ఫిర్యాదు. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వేసే టాక్రోలిమస్ మాత్ర 12 గంటలకు ఒకటి, రక్తంలో దాని లెవెల్ చూడాలంటే పొద్దున మాత్ర వేసుకోకముందే రక్తం తీయాలి. ఒకరోజు డ్యూటీ మారిన సిస్టర్ 8 గంటలకు మాత్ర మింగించేసింది, రక్తం తీసే అబ్బాయి తొమ్మిదిన్నరకు వచ్చాడు. లెవెల్ ఎక్కువని రిపోర్టు, ఆ రోజంతా హడావిడి, మర్నాడు మళ్లీ సూది. ఆ రోజు నుంచీ పరీక్ష ఉన్న పొద్దున మాత్ర నా జేబులోనే, రక్తం తీశాకే నోట్లోకి. మీరూ అట్లే చేయండి, ఎవరేమనుకున్నా సరే.

చూడ్డానికొచ్చిన చుట్టాలంతా దానిమ్మ పండ్లే తెచ్చారు, మా జిల్లా నిండా అవే తోటలు కదా. మందుతో పడదని డాక్టరు దానిమ్మ, పంపర పనస రెండూ వద్దన్నారు, సంచులు సంచులు వార్డుబాయ్ ఇంటికి పోయాయి.

స్టెరాయిడ్ వల్ల మొహం గుండ్రంగా ఉబ్బింది, ఆకలి మాత్రం దెయ్యం పట్టినట్టు, రాత్రి రెండింటికి ఉగ్గాని బజ్జీ గుర్తొచ్చేది. టాక్రోలిమస్ వల్ల చేతులు వణికేవి. డిశ్చార్జి అయ్యాక బ్యాంకులో నా సంతకం నాకే కుదర్లేదు, మూడు ఫారాలు చించారు. మందుల డోసు తగ్గించాక ఇవన్నీ సర్దుకున్నాయి, షుగర్ మాత్రం వచ్చి కూర్చుంది, పోలేదు.

ఇప్పుడు రోజుకు 3 లీటర్ల నీళ్లు, స్టీలు సీసా కొలత. మొన్న క్రియాటినిన్ (కిడ్నీ ఎట్లా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష అంకె) 1.3. అమ్మది 1.1, పోయినేడు చూపించింది. ఇచ్చినవాళ్లు కూడా ఏడాదికోసారి చూపించుకోవాలి, ఈసారి "నాకేం రోగం, వేరుశనక్కాయలు పీకే టైము" అని మొండికేస్తోంది. వచ్చే సోమవారం ఎట్లైనా బస్సెక్కించాలి.