అరకు కాఫీ పొడి: రుచిలోనూ యాజమాన్యంలోనూ గిరిజన రైతు వాటా ఎంత?

అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో గిరిజన రైతులు పండించే అరబికా కాఫీ ప్రధానంగా రెండు దారుల్లో మన వంటింటికి చేరుతోంది. మొదటిది విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే గిరిజన సహకార సంస్థ, అందరూ జీసీసీ అని పిలిచే సంస్థ, తన దుకాణాల్లో అమ్మే ‘అరకు వ్యాలీ కాఫీ’ పొడి. రెండోది గిరిజన రైతులే సభ్యులుగా ఉన్న పరస్పర సహాయ సహకార సంఘం పండించగా ‘అరకు’ అన్న పేరుతోనే పారిస్, బెంగళూరు నగరాల దాకా వెళ్లిన కాఫీ. మా ఇంట్లో ఈ రెండూ వాడుకలో ఉన్నాయి. రెండూ కొనదగిన సరుకులేనని ముందే చెప్పి, ఆ మాటకు కారణాలు వివరిస్తాను. ఇక్కడ కాఫీ నాణ్యతను రైతుల సంఘటిత శక్తి నుంచి విడదీసి చూడడం సాధ్యం కాదు కాబట్టి, ఈ సమీక్షలో సగం గిన్నెలోని డికాషన్ గురించి అయితే మిగతా సగం దాన్ని పండించినవారి అధికారం గురించి ఉంటుంది.

చికోరీ కలిపిన పొడికి అలవాటుపడిన వారికి ఈ కాఫీ మొదటి గుక్కలో పలుచగా అనిపించడం సహజం. చికోరీ డికాషన్‌కు నలుపునూ చిక్కదనాన్నీ ఇస్తుంది గాని కాఫీకి ఉండవలసిన పరిమళాన్ని ఇవ్వలేదు. చికోరీ లేని మన్యం అరబికాలో చేదు తక్కువగా ఉండి, నాలుక అంచుల మీద పండు పులుపు లాంటిది లేతగా తగిలి, తాగిన కాసేపటికి నోట్లో సన్నని తీపి మిగులుతుంది. జీసీసీ పొడి మన ఫిల్టరు కాఫీ పద్ధతికి బాగా ఒదుగుతుంది; పాలు, పంచదార కలిపినా తన వాసనను పోగొట్టుకోదు. ‘అరకు’ వారి రకాల్లో లేతగా వేయించినవాటిని మాత్రం పాలు లేకుండా తాగితేనే వాటి విలువ తెలుస్తుంది. పాలు పోస్తే ఆ సున్నితమైన పరిమళం మరుగున పడి, పెట్టిన ఖర్చు వృథా అవుతుంది. ముదురుగా వేయించిన రకం పాల కాఫీకి సరిపోతుంది.

ఫిల్టరులో వేసేటప్పుడు మామూలు కంటే ఒక చెంచా పొడి ఎక్కువ వేయాలి, దాన్ని గట్టిగా అదమకూడదు, సలసల కాగుతున్న నీళ్లను వెంటనే పోయకుండా పొయ్యి మీద నుంచి దించి అర నిమిషం ఆగి పోయాలి. పాలు డికాషన్‌తో సమానంగా ఉంటే చాలు. ఇంట్లో మర ఉన్నవారు గింజలు కొని ఎప్పటికప్పుడు పొడి చేసుకోవడం అన్నిటికంటే మేలు, ఎందుకంటే పొడి చేసిన కాఫీ రెండు మూడు వారాల్లోనే వాసన కోల్పోతుంది. కొనే ప్యాకెట్ ఏ సంస్థదైనా వేయించిన తేదీ చూసి కొనండి; ఆ తేదీ వేయకుండా ప్యాక్ చేసిన తేదీ మాత్రమే వేసే పద్ధతి మన కాఫీ వ్యాపారంలో విస్తారంగా ఉంది, అది మారాలి.

ఈ రుచికి నేల, ఎత్తు, నీడ కారణాలన్నది అందరూ చెప్పే మాట, నిజమే. సముద్రమట్టానికి తొమ్మిది వందల నుంచి పదకొండు వందల మీటర్ల ఎత్తున, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, ఆ చెట్లకే మిరియాల తీగలను పాకించి, రసాయనాల జోలికి పెద్దగా పోకుండా ఈ పంట పండిస్తారు. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా కాఫీ’కి భౌగోళిక గుర్తింపు ఇచ్చినప్పుడు కూడా గిరిజనులు పాటించే ఈ సేంద్రియ పద్ధతినే దాని ప్రత్యేకతగా పేర్కొన్నారు. అయితే మంచి పండు చెడ్డ కాఫీగా మారడానికి కోత తర్వాతి ఒకటి రెండు రోజులు చాలు. కొమ్మ మీద అన్ని కాయలూ ఒకేసారి పండవు. ఎర్రగా పండినవాటినే ఏరి, పచ్చివాటిని వదిలి, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అదే మొక్క దగ్గరికి మళ్లీ మళ్లీ రావాలి. కోసిన పండ్లను ఆలస్యం లేకుండా పల్పరులో వేసి గుజ్జు తీసి, పులియబెట్టి, కడిగి, పై పొరతో సహా ఎండబెడితే దాన్ని పార్చ్‌మెంట్ అంటారు. అలా చేయలేనప్పుడు పండును పండుగానే నేల మీద ఎండబోస్తారు. దాన్ని చెర్రీ అంటారు, దానికి వచ్చే ధర తక్కువ.

ఎకరం రెండెకరాల తోట ఉన్న కుటుంబానికి సొంతంగా పల్పరు, కడిగే తొట్లు, ఆరబెట్టే కళ్లం ఏర్పాటు చేసుకునే స్తోమత ఉండదు. పైగా వానాకాలంలో ఇంట్లో తిండి గింజలు అయిపోయినప్పుడు సంతలో షావుకారు ఇచ్చిన అప్పు, కోతల నాటికి పంటను అతడు చెప్పిన ధరకే అప్పగించే కట్టుబాటుగా మారుతుంది. అప్పు తొందరపెట్టినప్పుడు పచ్చికాయ కూడా పండ్లతో పాటు గంపలో పడుతుంది. మన కప్పులోని అనవసరపు వగరుకు మూలం చాలాసార్లు ఆ అప్పు పత్రంలోనే ఉంటుంది. రైతులు సంఘంగా ఏర్పడి, బాగా పండిన పండునే కొంటామనీ, దానికి తగిన ధర వెంటనే చెల్లిస్తామనీ తమకు తామే నియమం పెట్టుకోగలిగినప్పుడు మాత్రమే ఈ గొలుసు తెగుతుంది. కాబట్టి ఇక్కడ సహకార సంఘాన్ని సంక్షేమ కార్యక్రమంగా చూడడం పొరపాటు. అది కాఫీ తయారీలోనే ఒక దశ.

తూర్పు గోదావరి వైపు పాములేరు లోయలో 1898లో బ్రిటిష్ వారు నాటిన మొక్కలతో ఈ ప్రాంతపు కాఫీ చరిత్ర మొదలైందని చెబుతారు. గిరిజనుల సొంత తోటలుగా అది విస్తరించింది మాత్రం చాలా తర్వాత, పోడు సాగుకు ప్రత్యామ్నాయంగా పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), కాఫీ బోర్డు మొక్కలూ శిక్షణా ఇచ్చినప్పుడే. ఆ తోటలు నేటికీ గిరిజనుల చేతుల్లోనే ఉండడానికి పునాది 1/70 చట్టం. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండా ఆపిన ఆ చట్టమే లేకపోయి ఉంటే, కాఫీకి పేరు వచ్చిన రోజునే కొండవాలులు మైదానపు పెట్టుబడిదారుల ఎస్టేట్లుగా మారేవని నా నమ్మకం. బగత, వాల్మీకి, కొండదొర, కోటియా, పోర్జ, ఖోండు కుటుంబాలు అక్కడ తోటల యజమానులుగానే పండ్లు కోస్తున్నాయి. ఈ కాఫీని మిగతా కాఫీల నుంచి వేరు చేసే మొదటి సంగతి ఇదే.

జీసీసీ 1956లో ఏర్పడింది. అడవి నుంచి చింతపండు, తేనె, తపసి జిగురు, కుంకుడుకాయలు తెచ్చేవారిని షావుకార్ల తూకాల నుంచి కాపాడడం, డిపోల ద్వారా వారికి నిత్యావసరాలు అందించడం దాని తొలి పని. 1979 నాటి నిబంధనతో షెడ్యూల్డు ప్రాంతంలో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల కొనుగోలుపై దానికి గుత్తాధికారం కూడా వచ్చింది. కాఫీ విషయంలో ఆ సంస్థ చేసే అతి విలువైన పని, సీజన్‌లో కొనుగోలు ధరను బహిరంగంగా ప్రకటించడం. జీసీసీకి ఒక్క కిలో అమ్మని రైతు కూడా ఆ ధరను చూపి సంతలో బేరమాడగలుగుతాడు. 2025 మార్చిలో పార్లమెంటు ప్రాంగణంలో అరకు కాఫీ స్టాళ్లు తెరవడం వరకు సాగిన ప్రచారానికి కూడా ఈ ప్రభుత్వ అండే కారణం. అయినా దాని నడక గురించి ఒక మాట చెప్పక తప్పదు. కింద గిరిజన ప్రాథమిక సహకార మార్కెటింగ్ సంఘాలు ఉన్నా, పైన ఎండీగా ప్రభుత్వం నియమించే అధికారి ఉంటారు, అధ్యక్ష పదవి కూడా ప్రభుత్వ నియామకమే. దాదాపు ఏడు దశాబ్దాలు గడిచిన సంస్థలో పాలక పగ్గాలు సభ్యుల ఎన్నిక ద్వారా గిరిజనులకు దక్కే ఏర్పాటు ఇంకా ఎందుకు రాలేదన్న ప్రశ్న న్యాయమైనది.

రెండో దారి ఈ ప్రశ్నకు కొంత జవాబు ఇస్తుంది. 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, సర్కారు వాటా ధనం లేకుండా, సర్కారు నామినేషన్లు లేకుండా, సభ్యులే పాలకవర్గాన్ని ఎన్నుకుని నడుపుకొనే సంఘాలకు వీలు కల్పించింది. ఆ చట్టం కింద, హైదరాబాదుకు చెందిన స్వచ్ఛంద సంస్థ నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో, అరకు ప్రాంతపు చిన్న, సన్నకారు గిరిజన రైతుల సంఘం 2007లో ఏర్పడి వేలమంది సభ్యులకు విస్తరించింది. ఏటా గ్రామాల వారీగా కాఫీ నమూనాలను అంతర్జాతీయ రుచి నిపుణుల ముందు పెట్టి ఉత్తమమైనవాటిని ఎంపిక చేసే పోటీ ఈ ప్రయత్నంలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. పండు ఏరడంలో తాను పెట్టిన శ్రద్ధకు ఎన్ని మార్కులు పడ్డాయో రైతుకే తెలియడం, బస్తా తూకం ఒక్కటే కొలమానంగా ఉన్న రోజులతో పోలిస్తే పెద్ద మార్పు. ఆనంద్ మహీంద్రా వంటి పారిశ్రామికవేత్తల అండతో ఈ కాఫీకి 2017లో పారిస్‌లో, 2021లో బెంగళూరు ఇందిరానగర్‌లో దుకాణాలు వచ్చాయి. 2018లో పారిస్‌లోనే ఒక ప్రతిష్ఠాత్మక పోటీలో బంగారు పతకం దక్కింది.

కానీ ఇక్కడ కూడా పండించి శుద్ధి చేసే సంఘం వేరు, బ్రాండును నడిపే కంపెనీ వేరు. తోట, కోత, పల్పింగ్ వరకు గిరిజనుల నాయకత్వం స్పష్టంగా కనిపిస్తుంది. వేయించడం, ప్యాకింగ్, ధర నిర్ణయం, దుకాణం దగ్గరకు వచ్చేసరికి ఆ నాయకత్వం పలుచబడుతుంది. కాఫీలో లాభం పోగయ్యేది ఆ చివరి దశల్లోనే. ఒక కిలో పొడికి సుమారు ఆరేడు కిలోల పండ్లు కావాలి. అన్ని పండ్లను ఒక్కొక్కటిగా ఏరిన చేతులకూ చివరి బిల్లుకూ మధ్య ఉన్న దూరం తగ్గాలంటే, వేయించే యంత్రాలూ వాటిని నడిపే నైపుణ్యమూ పాడేరు, చింతపల్లి, అరకులోనే గిరిజన యువత చేతికి రావాలి. ఇది అత్యాశ కాదు. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, షెడ్యూల్డు ప్రాంతంలోని ఖనిజాలను సైతం గిరిజనుల సహకార సంఘాలు తవ్వుకోవచ్చని స్పష్టం చేసింది. గని నడపడానికి అర్హులైనవారు కాఫీ గింజ వేయించే మిల్లు నడపలేరని ఎవరూ వాదించలేరు.

కొనేవారికి ఒకటి రెండు జాగ్రత్తలు. అరకు వెళ్లే ఘాట్ రోడ్డు పొడవునా, నగరాల్లోనూ ‘అరకు కాఫీ’ అన్న పేరుతో విడి పొడి విరివిగా దొరుకుతుంది. అందులో చికోరీ ఎంత, కాఫీ ఎక్కడిది అన్నది చాలాసార్లు అమ్మేవారు చెప్పలేరు. ప్యాకెట్ మీద నూరు శాతం అరబికా అని రాసి ఉందో లేదో, అమ్ముతున్న సంస్థ పేరు ఏమిటో చదివి కొనడం మంచిది. జీసీసీ దుకాణానికి వెళితే కాఫీతో పాటు గిరిజన్ తేనె కూడా తెచ్చుకోవచ్చు, అది వేరే సమీక్షకు తగిన సరుకు. ‘అరకు’ ప్యాకెట్ ధర మామూలు పొడి కంటే బాగా ఎక్కువ. రోజూ నలుగురికి రెండు పూటలా కాచే ఇంటికి అది భారమే. అలాంటి ఇంటికి జీసీసీ పొడిని, కాఫీని నింపాదిగా ఆస్వాదించేవారికీ కానుకకూ ‘అరకు’ను నేను సూచిస్తాను.

2025లో కాయను తొలిచే బెర్రీ బోరర్ పురుగు అరకు ప్రాంతపు తోటల్లో కనిపించింది. పురుగు పట్టిన కాయలను కోసి నాశనం చేయడం దాని వ్యాప్తిని ఆపే మార్గం, అంటే ఆ మేరకు రైతు తన దిగుబడిని వదులుకోవాలి. రసాయనాలు వాడని పద్ధతిని నిలబెట్టుకుంటూ ఈ పురుగును ఎదుర్కోవాలంటే పక్కపక్క తోటలన్నీ ఒకే సమయంలో, ఒకే మాట మీద పని చేయాలి. ఒక్క తోట వదిలేస్తే మిగతావారి శ్రమ వృథా అవుతుంది. గ్రామ స్థాయిలో సంఘం బలంగా ఉన్నచోట ఈ పని త్వరగా జరుగుతుందని నేను ఆశిస్తున్నాను. రానున్న సీజన్లలో ఈ ప్యాకెట్ల ధర కొంత పెరిగితే, ఆ పెంపు రైతుకు చేరుతోందా అని అమ్మేవారిని అడగండి, చేరుతోందని తెలిస్తే ఆ ధరకే కొనండి.