ఈ డ్రాక్యులా షార్ప్‌నర్ ఎవరి సరుకు? కనిపెట్టడానికి ఏ దారి మేలు?

ఈబేలో "వింటేజ్ మాన్‌స్టర్ పెన్సిల్ షార్ప్‌నర్" అని కొట్టి చూస్తే ఒకే రకం ఫ్రాంకెన్‌స్టయిన్ తలకాయకి నలుగురు నాలుగు కంపెనీల పేర్లు తగిలించి అమ్ముతుండొచ్చు. పేరుంటే ధర పలుకుతుంది కాబట్టి ఏదో ఒకటి పెట్టేస్తారు. మరి 1960లు, 70ల నాటి అమెరికన్ దయ్యాల స్కూలు సామాను, అంటే షార్ప్‌నర్లు, పెన్సిల్ డబ్బాలు, రబ్బర్లు, పెన్సిల్ చివర తొడిగే బొమ్మలు, లంచ్ బాక్సులు, నిజంగా ఎవరు తయారు చేశారో తేల్చాలంటే దేన్ని నమ్మాలి? వస్తువు మీదున్న అక్షరాలనా, పాత కేటలాగులనా, పేటెంటు రికార్డులనా, లేక కలెక్టర్ల ధరల పుస్తకాలనా? నా ఓటు వస్తువు మీది అక్షరాలకే. కాకపోతే వాటిని చదవడం తెలిసుండాలి, అది తెలియకపోతే అన్నిటికన్నా ఎక్కువ దారి తప్పించేవి కూడా అవే.

ముందు ఇంత గందరగోళం ఎందుకొచ్చిందో చూద్దాం. 1957 అక్టోబరులో స్క్రీన్ జెమ్స్ అనే సంస్థ యూనివర్సల్ స్టూడియో పాత హారర్ సినిమాలు 52 ఒక కట్టగా టీవీ స్టేషన్లకి ఇచ్చింది. అమ్మానాన్నల కాలం నాటి డ్రాక్యులా, మమ్మీ, తోడేలు మనిషి రాత్రి పూట షోలలో పిల్లలకి కొత్తగా పరిచయమయ్యారు. 1961లో అరోరా కంపెనీ ఫ్రాంకెన్‌స్టయిన్ ప్లాస్టిక్ మోడల్ కిట్ తెచ్చింది. యూనివర్సల్ వరసగా లైసెన్సులిస్తూ పోయింది. అది ఎంతదాకా వెళ్లిందో కోర్టు కాగితాల్లో ఉంది: డ్రాక్యులా వేషం కట్టిన బేలా లుగోసీ భార్య, కొడుకు కలిసి 1966లో యూనివర్సల్ మీద కేసు వేశారు, ఆయన రూపం పెట్టి సొమ్ము చేసుకుంటున్నారు, ఆ హక్కు మాది అని. 1979లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టులో యూనివర్సలే గెలిచింది. ఎవరు గెలిచారన్నది పక్కన పెడితే మనకి పనికొచ్చేది ఆ కేసులో వచ్చిన లైసెన్సు సరుకుల చిట్టా. ప్లాస్టిక్ బొమ్మ షార్ప్‌నర్లు, పేకలు, సబ్బులు, మాస్కులు, గాలిపటాలు, బెల్టు బకిల్స్, ఆఖరికి డ్రింకు కలుపుకునే పుల్లలు కూడా ఉన్నాయి అందులో! ఇన్ని రకాలు ఒకే కంపెనీ చేయదు కదా.

ఇప్పుడు అక్షరాల సంగతి. మన కామ్లిన్ జామెట్రీ బాక్సు మూత మీద కామ్లిన్ అని ఉంటే అది కామ్లిన్ వాళ్లదే, ఇంకేం ఆలోచించక్కర్లేదు. ఆ అలవాటుతో ఇక్కడికొస్తే దెబ్బతింటాం. దయ్యాల సరుకు మీద బాగా కనబడేది కాపీరైట్ గుర్తు పక్కన ఉండే పేరు, అది బొమ్మ హక్కుదారు పేరు, వస్తువు చేసినవాడి పేరు కాదు. "యూనివర్సల్ పిక్చర్స్ కంపెనీ" అని ఉంటే సినిమా వాళ్లే షార్ప్‌నర్లు చేశారని ఎవరూ అనుకోరులెండి, అది తేలిక. కానీ "ది మన్‌స్టర్స్" అనే టీవీ సీరియల్‌లోని దయ్యాల కుటుంబం బొమ్మలున్న సామాను మీద "కేరో-వ్యూ ప్రొడక్షన్స్" అని కనిపిస్తుంది, అది చూస్తే నిజంగా ఏదో ప్లాస్టిక్ ఫ్యాక్టరీ పేరులానే ఉంటుంది. అది ఆ టీవీ సీరియల్ తీసిన సంస్థ. ఆడమ్స్ ఫ్యామిలీ అనే ఇంకో టీవీ సీరియల్ వస్తువుల మీద "ఫిల్మ్‌వేస్" అని ఉంటుంది, అదీ అంతే.

పక్కనుండే సంవత్సరం కూడా తయారైన సంవత్సరం అనుకోకండి. అది హక్కు మొదలైన ఏడాది, వస్తువు తర్వాత ఎన్నేళ్లకైనా రావచ్చు. అసలు సంవత్సరమే లేకపోయినా నకిలీ అని కంగారు పడక్కర్లేదు. అమెరికాలో 1989 మార్చి 1 దాకా కాపీరైట్ ప్రకటన తప్పనిసరే గానీ, 1978 నుంచి అమల్లోకొచ్చిన చట్టం స్టేషనరీ, బొమ్మలు, నగలు, వాడుక వస్తువుల మీద వేసే చిత్రాలకి సంవత్సరం వదిలేయొచ్చని సూటిగానే చెప్పింది. అంతకుముందు 1909 చట్టంలోనూ చిత్రాలకి ఈ వెసులుబాటు ఉంది. ఇది తెలియక "డేట్ లేదు, డూప్లికేటు" అని మంచి వస్తువులు వదిలేసుకునేవాళ్లుంటారు.

మరి తయారీదారు పేరు ఎక్కడుంటుంది? ఇక్కడే వస్తువుకీ వస్తువుకీ తేడా వస్తుంది.

రేకు లంచ్ బాక్సులు హాయి. పోటీ ప్రధానంగా ఇద్దరి మధ్య: టెనెస్సీలోని నాష్‌విల్ నుంచి అల్లాదిన్ ఇండస్ట్రీస్, కనెక్టికట్‌లోని నార్విచ్ నుంచి కింగ్-సీలీ థర్మాస్. మామూలుగా కంపెనీ పేరు, ఊరు డబ్బా మీదే చిన్న అక్షరాల్లో అచ్చేసి ఉంటాయి, అంచులు ఒకసారి తిప్పి చూస్తే చాలు. 1965 మన్‌స్టర్స్ డబ్బా థర్మాస్ వాళ్లది, 1979 యూనివర్సల్ దయ్యాల డబ్బా అల్లాదిన్ వాళ్లది. లోపలి ఫ్లాస్కు మీది పేరు కూడా డబ్బాతో కలవాలి. అల్లాదిన్ డబ్బాలో కింగ్-సీలీ ఫ్లాస్కు ఉందంటే ఎవరో తర్వాత జత చేశారన్నమాట. ఇంకో సరదా సంగతి, "విత్ థర్మాస్" అని అమ్మేవాడు రాశాడని అది థర్మాస్ కంపెనీ సరుకు అయిపోదు. ఆ మాట కోసం ఈ రెండు కంపెనీలూ కోర్టుకెక్కాయి. అది జనం నోట మామూలు మాట అయిపోయింది కాబట్టి అల్లాదిన్ కూడా చిన్న అక్షరంతో, ముందు తన పేరు పెట్టుకుని వాడుకోవచ్చని కింది కోర్టు చెప్పింది, 1963లో అప్పీలు కోర్టూ దాన్నే ఖాయం చేసింది. లంచ్ బాక్సు విషయంలో ఇంకే రికార్డులూ తిరగెయ్యక్కర్లేదు, అచ్చు అక్షరాలే గెలుస్తాయి.

షార్ప్‌నర్లు, రబ్బర్లు, పెన్సిల్ టోపీలు అలా కాదు, ఇవి అసలు తలనొప్పి. అంగుళం వస్తువు మీద పేరు పెట్టే చోటే ఉండదు. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని 1930 టారిఫ్ చట్టం చెప్తుంది కాబట్టి "హాంకాంగ్" అనో "జపాన్" అనో మటుకు ఉంటుంది. దానివల్ల కంపెనీ తెలియదు. షార్ప్‌నర్ బ్లేడు మీద ఇంకేదో దేశం పేరు కనిపిస్తే అది బ్లేడుకి సంబంధించింది, బొమ్మ వేరేచోట పోసి ఉండొచ్చు. వీటి అసలు చిరునామా వాటిని గుచ్చి వేలాడదీసిన అట్ట మీద ఉండేది, పిల్లాడు కొన్న రోజే అది చెత్తబుట్టలోకి వెళ్లిపోయుంటుంది. అందుకే అట్టతో ఉన్న షార్ప్‌నర్‌కి రెట్టింపు పెట్టమన్నా పెడతాను, విడి వస్తువుకి కంపెనీ పేరు చెప్పి పైసా ఎక్కువ అడిగినా ఇవ్వను.

అట్ట దొరికితే పేరు ఒక్కటే చూసి ఆగిపోకండి. చిరునామాలో అయిదంకెల జిప్ కోడ్ ఉందా? ఉంటే 1963 జులై తర్వాత అచ్చయింది, ఎందుకంటే అమెరికా జిప్ అప్పుడే మొదలైంది. "న్యూయార్క్ 10" అన్నట్టు ఊరి పేరు పక్కన ఒకటో రెండో అంకెలే ఉంటే అది అంతకుముందు పద్ధతి. బార్‌కోడ్ ఉంటే, ఆ కోడ్ దుకాణంలో మొదటిసారి స్కాన్ అయిందే 1974 జూన్‌లో, కాబట్టి "1963 ఒరిజినల్" అనే మాటకి అక్కడే చెల్లు.

కంపెనీ పేరు మారిన తీరు కూడా బాగా పనికొస్తుంది. హాస్‌బ్రో అంటే మనకి బొమ్మల కంపెనీ కదా, వాళ్లు 1923లో గుడ్డ ముక్కల వ్యాపారంతో మొదలై, తర్వాత పెన్సిల్ డబ్బాలు, స్కూలు సామాను, 1935 నుంచి సొంతంగా పెన్సిళ్లు కూడా చేసినవాళ్లు. అప్పట్లో పేరు హాసెన్‌ఫెల్డ్ బ్రదర్స్, 1968లో హాస్‌బ్రో ఇండస్ట్రీస్ అయింది. అంటే "హాస్‌బ్రో ఇండస్ట్రీస్" అని ఉన్న డబ్బాని 1964ది అంటే నమ్మకండి. ఒక్క "హాస్‌బ్రో" అనే మాటే ఉంటే ఏమీ తేలదు, అది బ్రాండుగా ముందు నుంచీ ఉంది.

కేటలాగుల్లో రెండు రకాలున్నాయి, రెండిటినీ ఒకే గాటన కట్టకూడదు. పిల్లల కోసం వేసినవి, అంటే సియర్స్ అనే పెద్ద దుకాణాల సంస్థ పండగ కేటలాగులు, 1958లో మొదలైన ఫేమస్ మాన్‌స్టర్స్ పత్రిక వెనక పేజీల్లో పోస్టులో సరుకు అమ్మే కెప్టెన్ కంపెనీ ప్రకటనలు, ఇవి చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి, ఏ ఏడాదికి ఆ సరుకు అమ్మకంలో ఉందో గట్టిగా చెప్తాయి, కానీ అవి అమ్మినవాళ్ల ప్రకటనలు, చేసినవాళ్ల పేరు ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. రెండో రకం దుకాణదారుల కోసం వేసినవి, ప్లేథింగ్స్ లాంటి వ్యాపార పత్రికల్లో వచ్చేవి. ఆర్డరు తనకే రావాలి కాబట్టి తయారీదారు తన పేరు, ఊరు దాచుకోడు. ఇలాంటి పేజీ ఒక్కటి దొరికిందంటే ముప్పై ఈబే లిస్టింగుల మాట పక్కన పెట్టేయొచ్చు, దొరకడమే కష్టం.

పేటెంటు దారి ఓపికున్నవాళ్లకి. వస్తువు మీద పేటెంటు నంబరుంటే గూగుల్ పేటెంట్స్‌లో కొట్టగానే ఎవరి పేరు మీదుందో వస్తుంది. 1960లో మొదటి నంబరు 2,919,443, 1970లో మొదటిది 3,487,470, కాబట్టి నంబరు చూడగానే కాలం కూడా అంచనాకొస్తుంది. చిక్కేంటంటే ఆ పేటెంటు మూత పట్టీకో స్ప్రింగుకో ఇచ్చింది అయ్యుంటుంది, దాన్ని ఇంకొకరు లైసెన్సు మీద వాడుకోవచ్చు కూడా. "పేటెంట్ పెండింగ్" అని మాత్రమే ఉంటే వెతకడానికి నంబరే లేదు. కాపీరైట్ ఆఫీసు పాత రిజిస్టర్లు 1977 వరకు స్కాన్ చేసి ఉచితంగానే పెట్టారు, అట్ట మీది బొమ్మ తయారీదారు తన పేరునే నమోదు చేయించి ఉంటే అక్కడ చిక్కుతాడు.

ఇక ధరల పుస్తకాలు, అమ్మేవాళ్ల వివరణలు. పుస్తకాలు చెడ్డవని కాదు, ఫొటోల కోసం నేనూ తిరగేస్తాను, పోల్చుకోవడానికి అంతకంటే సుఖమైంది లేదు. అయితే ఒక పుస్తకంలో వచ్చిన ఊహని ఇంకో పుస్తకం, దాన్ని చూసి అమ్మేవాళ్లు రాసుకుంటూ పోతే నాలుగు చోట్ల కనిపించినా అది ఒకే సాక్ష్యం. అట్ట ఫొటోతో సహా పేరు చెప్పిన పుస్తకాన్ని నమ్ముతా, ఉత్త పేరు రాసినదాన్ని నమ్మను.

కాబట్టి లంచ్ బాక్సుకి డబ్బా మీది అచ్చు చాలు. పెన్సిల్ డబ్బాకి అచ్చుతో పాటు కంపెనీ పేరు మారిన చరిత్ర చూసుకోవాలి. చిల్లర వస్తువులకి అట్ట, అది లేకపోతే వ్యాపార పత్రిక ప్రకటన, అదీ లేకపోతే "హాంకాంగ్, తయారీదారు తెలియదు" అని రాసి పెట్టుకోవడమే మర్యాద. అమ్మేవాడు విడి షార్ప్‌నర్‌కి కంపెనీ పేరు చెప్పి ఎక్కువ అడిగితే, ఆ పేరు ఎక్కడ చూశారో ఒక ఫొటో పంపమనండి. పంపకపోతే పేరు లేని సరుకు ధరకే బేరమాడండి.