సీటీఎల్ఏ-4 ఆ, పీడీ-1 ఆ: ఏ బ్రేకు వదలడం మేలు?

క్యాన్సర్ మీదికి టీ కణాలను, అంటే ఒంటిని కాపాడే ఒక రకం తెల్ల రక్తకణాలను, ఉసిగొల్పాలంటే వాటి బ్రేకు వదలాలి. ఇప్పటిదాకా మందులు బాగా పనిచేసింది రెండు బ్రేకుల మీద: సీటీఎల్ఏ-4, పీడీ-1. రెండూ టీ కణాల మీద ఉండే ప్రొటీన్లే. ఈ దారి చూపినందుకే జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. రెండింట్లో మొదట ఏది అంటే నా ఓటు పీడీ-1కే.

ఎందుకో ఎలుకల్లోనే తేలింది. సీటీఎల్ఏ-4 జన్యువు లేని ఎలుకలు మూడు నాలుగు వారాలకే చచ్చిపోయాయి. టీ కణాలు అదుపు తప్పి పెరిగి సొంత గుండెలోకే, క్లోమంలోకే చొరబడ్డాయి. పీడీ-1 లేనివి నెలల తరబడి బాగానే తిరిగాయి. లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) లాంటిది ఆ తర్వాతే బయటపడింది.

టీ కణం మేల్కొనాలంటే దాని మీది సీడీ28 అనే ప్రొటీన్ ఎదుటి కణం మీది సీడీ80, సీడీ86 ప్రొటీన్లను పట్టుకోవాలి. సీటీఎల్ఏ-4 వాటినే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, ఒక్కోసారి ఊడబెరికి లోపలికి లాగేసుకుంటుంది కూడా. ఇదంతా ఎక్కువగా లింఫ్ గ్రంథుల్లో, మొదట్లోనే జరిగే పని. అక్కడ బ్రేకు తీస్తే మన ఒంటి మీదే పడే కణాలూ లేస్తాయి. అందుకే పేగు వాపు ఎక్కువ. పీడీ-1 రంగంలోకి దిగేది తర్వాత, ఎక్కువగా కణితి దగ్గర. దాని మందులతో థైరాయిడ్ దెబ్బతినొచ్చు గానీ, దాన్ని రోజూ ఒక మాత్రతో నెట్టుకురావచ్చు.

మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌పై 2015లో వచ్చిన పోలికలో ఏడాదికి బతికున్నవాళ్లు పీడీ-1 మందు పెంబ్రోలిజుమాబ్‌తో 68-74 శాతం, సీటీఎల్ఏ-4 మందు ఇపిలిముమాబ్‌తో 58 శాతం. తీవ్రమైన దుష్ప్రభావాలూ పెంబ్రోలిజుమాబ్‌తోనే తక్కువ.

మరి రెండూ కలిపితే? మెలనోమాపైనే జరిగిన ఇంకో ట్రయల్‌లో పదేళ్లకు 43 శాతం మిగిలారు. పీడీ-1 మందు నివోలుమాబ్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో 37 శాతం. కానీ జంట మందులకు సగానికి పైగా రోగులు తీవ్రంగా ఇబ్బంది పడ్డారు. మెలనోమా మెదడుకు పాకితే ఆ రిస్కు తీసుకోవచ్చు. ముందే కీళ్లవాతం (ఇదీ రోగనిరోధక కణాలు సొంత ఒంటి మీద పడే జబ్బే) ఉన్న పెద్దాయనకైతే జంట వద్దు, పీడీ-1 ఒక్కటే, అదీ కనిపెట్టుకుని ఉండి. అన్నట్టు, కీళ్లవాతానికి 2005 నుంచి వాడే అబాటసెప్ట్ సీటీఎల్ఏ-4 ముక్కతో చేసిందే. అది బ్రేకు తొక్కుతుంది. ఈ క్యాన్సర్ మందుల వల్ల గుండె కండరం వాచినప్పుడు కొందరు డాక్టర్లు దాన్నే ఇస్తున్నారు.

ఇక ఖర్చు టెన్షన్. నివోలుమాబ్ మామూలు డోసు రెండు వారాలకు 240 మిల్లీగ్రాములు. ముంబై టాటా మెమోరియల్‌లో ముదిరిన తల, మెడ క్యాన్సర్లకు తక్కువ ఖర్చు మాత్రలతో పాటు మూడు వారాలకు 20 మిల్లీగ్రాములే ఇచ్చి చూశారు. ఏడాదికి బతికున్నవాళ్లు 16 శాతం నుంచి 43కి పెరిగారు. అలాంటి క్యాన్సర్ ఉండి, పూర్తి డోసు కొనలేని కుటుంబం డాక్టర్‌ని అడగాల్సింది ఈ చిన్న డోసు గురించే.