ఏటీఎక్స్ 3.0 ఎస్‌ఎంపీఎస్, 850 వాట్లు: రెండేళ్ల పైన వాడాక

ఈ ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపల అన్ని భాగాలకూ కరెంటు అందించే పెట్టె) వచ్చాక ఆట మధ్యలో సిస్టమ్ టపీమని ఆరిపోవడం మానేసింది. నేను ఇది రాస్తున్నదే అందుకు. మాడ్యులరా (కేబుళ్లు ఊడదీసుకోవచ్చా) కాదా, వారంటీ ఎన్నేళ్లు లాంటివి డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. దీనికి ముందున్నదీ గోల్డ్ ముద్ర (కరెంటు వృథా తక్కువన్న గుర్తు) ఉన్నదే, మాడ్యులరే, పేరున్న కంపెనీదే. అది పెట్టిన బాధ ఇంకా మర్చిపోలేదు.

నాది ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు, దానికి తోడు రైజెన్ 5800ఎక్స్ ప్రాసెసర్. కార్డు వాడకం 320 వాట్లు. దానికి 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని కార్డు కంపెనీయే చెప్పింది. పాతది సరిగ్గా 750. ప్లగ్గు దగ్గర మీటరు పెట్టి చూస్తే ఎంత బరువైన ఆటలోనూ 500 దాటేది కాదు. లెక్క ప్రకారం బోలెడంత మిగులు.

అయినా ఆరిపోయేది. ఆట లోడవుతూ ఉంటుంది, లేదా మెనూలో ఏదో సెట్టింగు మారుస్తూ ఉంటాను. లోపల టక్కుమని చిన్న చప్పుడు, ఆ వెంటనే తెర నల్లబడి ఫ్యాన్లన్నీ ఆగిపోయేవి. బ్లూ స్క్రీన్ లేదు, హ్యాంగవడం లేదు. పవర్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. వెనక ఎస్‌ఎంపీఎస్ మీదున్న స్విచ్ ఆపి, కాసేపాగి మళ్లీ వేస్తేనే లేచేది. విండోస్ లాగులో చూస్తే కెర్నల్-పవర్ 41 అన్న ఒక్క ముక్క, క్రాష్‌కు కారణం చెప్పే బగ్‌చెక్ కోడ్ దగ్గర సున్నా. అంటే కరెంటు పోయిందని తప్ప విండోస్‌కి కూడా ఇంకేమీ తెలియదు.

చూసినవాళ్లంతా ఒక్కో మాట చెప్పారు. ర్యామ్ అని ఒకరు, డ్రైవర్లని ఒకరు, ప్రాసెసర్ వేడెక్కుతోందని ఇంకొకరు. ర్యామ్ ఒక్కో స్టిక్కుతో నడిపి చూశాను, విండోస్ మళ్లీ ఎక్కించాను, థర్మల్ పేస్టు మార్చాను. ఫలితం శూన్యం. నన్ను అసలు ఆలోచనలో పడేసింది స్ట్రెస్ టెస్టు. కార్డునీ ప్రాసెసర్‌నీ గంటల తరబడి నూటికి నూరు శాతం నడిపినా సిస్టమ్ చెక్కు చెదరలేదు. అదే సిస్టమ్ ఆట మెనూలో పడిపోయేది. స్ట్రెస్ టెస్టులో లోడు ఎక్కువే కానీ నిలకడగా ఉంటుంది. ఆటలో అలా కాదు. ఒక తెర నుంచి ఇంకో తెరకు మారేటప్పుడు కార్డు ఖాళీగా ఉన్నదల్లా ఒక్కసారిగా పూర్తి వేగం అందుకుంటుంది. అప్పుడు కార్డు పవర్ లిమిట్‌ను, అంటే అది ఎన్ని వాట్ల దాకా లాగొచ్చన్న హద్దును, 70 శాతానికి తగ్గించాను. ఆరిపోవడం ఆగింది. తిరిగి నూటికి పెట్టిన రోజే మళ్లీ టక్కుమంది. రెండు తలలున్న ఒకే కేబుల్ బదులు కార్డుకు రెండు విడి కేబుళ్లు కూడా ఇచ్చి చూశాను. 8 పిన్నుల కనెక్టరుకు లెక్క 150 వాట్లే కాబట్టి అలా ఇవ్వడమే మంచిది, కానీ నా సమస్య దానితో తీరలేదు.

320 వాట్లన్నది సగటు. మిల్లీ సెకన్లలో, అంతకన్నా తక్కువ వ్యవధిలో, కార్డు దానికి ఎంతో ఎక్కువ లాగి మళ్లీ కిందికి దిగుతుంది. ప్లగ్గు మీటరుకు అది కనపడనే కనపడదు. ఎస్‌ఎంపీఎస్‌లోని రక్షణ సర్క్యూటుకు మాత్రం కనపడుతుంది. ఓవర్‌లోడనుకుని కోసేస్తుంది. ఆ కోత ఎంత సున్నితంగా పెట్టారో నా పాతదాని డబ్బా మీద ఎక్కడా లేదు. గోల్డ్ ముద్రకూ దీనికీ సంబంధం లేదు. 115 వోల్టుల దగ్గర సగం లోడులో 90 శాతం సామర్థ్యం ఉంటే ఆ ముద్ర వచ్చే పరీక్షలో ఒక మెట్టు దాటినట్టే. అందులో కొలిచేది నిలకడ లోడునే.

2022లో ఎస్‌ఎంపీఎస్‌ల కోసం ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఈ సంగతిని అక్షరాల్లో పెట్టింది. 100 మైక్రోసెకన్ల పాటు రేటింగుకు రెట్టింపు, ఒక మిల్లీ సెకను పాటు 180 శాతం లోడు వచ్చినా ఆరిపోకూడదు. అంటే నా 850 వాట్లది ఒక క్షణం పాటు 1700 దాకా ఓర్చుకోవాలి. ఓర్చుకుంటోంది కూడా. పెట్టినప్పటి నుంచి పవర్ లిమిట్ నూటికి నూరే. అవే ఆటలు, అవే మెనూలు, ఒక్కసారి కూడా ఆగలేదు. మొదట్లో లోడింగ్ తెర వచ్చిందంటే చెయ్యి దానంతటదే సేవ్ మీదికి పోయేది. ఆ భయం పోవడానికే చాలా రోజులు పట్టింది.

కొన్న కొత్తలో దీని ఫ్యాన్ తిరగనే తిరగదని అందరికీ చెప్పాను. తక్కువ లోడులో అది నిజమే. గది వేడిగా ఉన్న రోజుల్లో మాత్రం ఫ్యాన్ మొదలవుతుంది, ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. మొదలైన ప్రతిసారీ ఒక చిన్న గురక. ఒకే తీరున వచ్చే చప్పుడు కన్నా ఇలా ఆగి ఆగి వచ్చేదే చెవికి ఎక్కువ తగులుతుంది. అందుకే వెనకున్న బటన్‌తో జీరో ఫ్యాన్ మోడ్ తీసేశాను. ఇప్పుడు ఫ్యాన్ నెమ్మదిగా ఎప్పుడూ తిరుగుతుంది, నాకు అదే హాయి. కేబుళ్లు కూడా బాగా బిరుసు. మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్నులదాన్ని వంచి పక్క ప్యానెల్ మూసేసరికి వేళ్లు నొప్పి పుట్టాయి. పాత కేబుళ్లు అప్పటికే సర్ది ఉన్నాయి కదా, వాటినే వాడుకుందామని ఎవరికైనా అనిపిస్తుంది. అది మాత్రం చెయ్యకండి. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరిక కంపెనీని బట్టి, ఒక్కోసారి మోడల్‌ని బట్టి మారుతుంది. తప్పు వోల్టేజీ పోతే డ్రైవులు కాలిపోతాయి.

పాతదాన్ని ఒక స్నేహితుడు తీసుకున్నాడు. అతని కార్డు చిన్నది, అందులో అది ఒక్క తప్పు లేకుండా నడుస్తోంది. కాబట్టి అది చెడ్డ సరుకని అనలేను. 3080 లాంటి కార్డుకు దాన్ని వాడలేనని మాత్రం అంటాను.

నాది ఒక్క కార్డు, ఓవర్‌క్లాకింగ్ లేదు, కేబినెట్ పెద్దది. ఈ పరిస్థితుల్లో దీనికి పెట్టిన డబ్బు నాకు గిట్టింది. ఆర్‌టీఎక్స్ 4070 లాంటి 200 వాట్ల కార్డుకైతే కంపెనీ చెప్పేదే 650, అక్కడ 850కి ఎగబాకడానికి నాకు కారణం కనపడదు. వాట్లు తగ్గించుకున్నా ఏటీఎక్స్ 3.0 లేదా దాని తర్వాతి 3.1 అన్న మాట మాత్రం నేనైతే వదులుకోను. ఇరుకు కేబినెట్ ఉన్నవాళ్లు కొనేముందు ఎస్‌ఎంపీఎస్ పొడవుతో పాటు, దాని ముందు కేబుళ్లు వంగడానికి ఎంత జాగా మిగులుతుందో కూడా కొలుచుకోండి.