కౌబాయ్ షూటింగుకు ఏ తూటా, ఏ లీవర్ రైఫిల్ మేలు?

పాతకాలపు కౌబాయ్‌ల తరహా తుపాకులతో సమయానికి పోటీపడే క్రీడ కౌబాయ్ యాక్షన్ షూటింగు. అందులోకి కొత్తగా వచ్చేవారు ముందు రైఫిల్‌ను చూసి మనసు పడతారు. తూటా సంగతి కొన్న తర్వాత ఆలోచిస్తారు. ఈ వరుసను తిరగవేయాలన్నది నా గట్టి అభిప్రాయం. పోటీ మధ్యలో రైఫిల్ మొరాయించినప్పుడు చాలాసార్లు కారణం తూటా పొడవులోనో, అది ఛాంబర్‌లోకి, అంటే తూటా పేలే గదిలోకి, ఎక్కే తీరులోనో దొరుకుతుంది. అందుకే ఏ తూటా వాడాలో తేలితే ఏ రైఫిల్ కొనాలో సగం తేలినట్టే.

అమెరికాలో 1987లో ఏర్పడిన సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ నియమాల ప్రకారం పోటీదారు రెండు సింగిల్ యాక్షన్ రివాల్వర్లు (ప్రతిసారీ సుత్తిని చేత్తో వెనక్కి లాగి కాల్చేవి), పిస్టల్ తూటాలు వాడే ఒక లీవర్ యాక్షన్ రైఫిల్ (కింది మీటను తిప్పి తూటా ఎక్కించేది), ఒక షాట్‌గన్ తెచ్చుకోవాలి. పోటీలోని ఒక అంకంలో, అంటే ఒక విడతలో, సాధారణంగా ఒక్కో రివాల్వర్‌తో అయిదు, రైఫిల్‌తో పది, షాట్‌గన్‌తో మరికొన్ని తూటాలు కాల్చాలి. ఎవరు తక్కువ సమయంలో ముగిస్తే వారిదే పైచేయి. గురి తప్పిన ప్రతి తూటాకు 5 సెకన్లు కలుస్తాయి. రైఫిల్ లక్ష్యాలైన ఉక్కు పలకలు మామూలుగా 50 గజాల లోపే ఉంటాయి కనుక ఇక్కడ అధిక శక్తితో గాని, సుదూరపు గురితో గాని పని లేదు. పది తూటాలు ఎక్కడా తట్టుకోకుండా ఒకే లయలో వెళ్లిపోవడమే కావలసింది.

తూటాల విషయంలో నియమాలు స్పష్టంగా ఉన్నాయి. తూటా నుంచి దూసుకుపోయే గుండు సీసానిదై ఉండాలి. రాగి తొడుగు గుండ్లు ఉక్కు పలకకు తగిలి వెనక్కి ఎగిరే ప్రమాదం ఉన్నందున వాటిని అనుమతించరు. రైఫిల్ గుండు వేగం సెకనుకు 1400 అడుగులను, రివాల్వర్ గుండు వేగం 1000 అడుగులను మించకూడదు. గ్రెయిన్లలో గుండు బరువును వేగంతో హెచ్చించి 1000తో భాగిస్తే కనీసం 60 రావాలి. ఉదాహరణకు 125 గ్రెయిన్ల గుండు, అంటే ఇంచుమించు 8 గ్రాములది, 800 అడుగుల వేగంతో వెళితే లెక్క 100కు చేరుతుంది, ఇది చాలు. గుండు ముక్కు చదునుగా ఉండడం మాత్రం ప్రాణరక్షణకు సంబంధించిన విషయం. గొట్టపు మ్యాగజైన్‌లో తూటాలు ఒకదాని వెనుక ఒకటి వరుసగా ఉంటాయి కనుక, మొనదేలిన గుండు ముందున్న తూటా ప్రైమర్‌కు, అంటే దాని అడుగున నిప్పు పుట్టించే భాగానికి, ఆనుకొని ఉంటే కుదుపుకు అది పేలవచ్చు.

ఇక తూటాలలో ప్రధానమైన పోటీ .38 స్పెషల్, .45 కోల్ట్, .44-40 అనే మూడింటి మధ్య ఉంది. గెలుపే లక్ష్యమైతే, ఖర్చు అదుపులో ఉండాలంటే .38 స్పెషల్‌కు సాటి లేదు. సీసం తక్కువ పడుతుంది, తుపాకి వెనక్కి తన్నడం తక్కువ, మందును, గుండును పట్టి ఉంచే ఇత్తడి గొట్టాలు సులభంగా దొరుకుతాయి, ఎన్నోసార్లు తిరిగి నింపుకోవచ్చు. దీనికన్నా పొడవైన, శక్తిమంతమైన తూటా .357 మాగ్నమ్; ఆ ముద్ర ఉన్న రైఫిల్‌లో .38 కూడా పనిచేస్తుంది; .38 కోసమే చేసిన తుపాకిలో .357 వాడడం మాత్రం ప్రమాదకరం. ఒక చిన్న చిక్కు ఉంది: పొట్టి .38లను వందలాదిగా కాల్చాక ఛాంబర్ ముందు భాగంలో మసి, సీసం వలయంలా పేరుకుంటాయి; శ్రద్ధగా తుడవకపోతే తర్వాత పొడవైన .357 తూటాలు బిగుసుకుంటాయి.

.45 కోల్ట్ 1870ల నాటి రివాల్వర్ తూటా. దాని శబ్దంలో, బరువులో ఒక నిండుదనం ఉంటుంది, ఆ ఆకర్షణను నేను కాదనను. అయితే ఆ కాలంలో ఈ తూటాకు లీవర్ రైఫిళ్లు తయారుకాలేదు. ఇప్పుడు దొరికేవన్నీ మన కాలపు కల్పనలే. దాని గొట్టం విశాలమైనది, పోటీకి వేసే తుపాకి మందు కొద్దిపాటిది. ఒత్తిడి చాలక గొట్టం ఛాంబర్ గోడలకు గట్టిగా అతుక్కోదు, అందువల్ల మసి వెనక్కి వచ్చి యంత్రంలో చేరుతుంది. సొంతంగా తూటాలు నింపుకునేవారు మరొక జాగ్రత్త తీసుకోవాలి: పెద్ద గొట్టంలో పొరపాటున రెండింతల మందు పడినా పైకి కనబడకపోవచ్చు, కనుక ప్రతి గొట్టంలోకీ కంటితో చూసిన తర్వాతే గుండు బిగించాలి.

.44-40 వించెస్టర్ 1873 రైఫిల్‌తో పుట్టిన తూటా. కొద్ది సంవత్సరాలకే కోల్ట్ కంపెనీ తన రివాల్వర్‌ను కూడా దీనికి అనువుగా చేసింది, దాంతో ఒకే తూటా రెండు ఆయుధాలకూ సరిపోయింది. మెడ దగ్గర సన్నబడే పలుచని ఇత్తడి ఛాంబర్‌ను చక్కగా మూసివేస్తుంది, మసి వెనక్కి రాదు. పాతకాలపు పొగ మందైన బ్లాక్ పౌడర్‌తో కాల్చే విభాగంలో దిగదలచినవారికి, పొగమబ్బు మధ్య రోజంతా రైఫిల్ నడవాలనుకునేవారికి, నా ఓటు నిస్సందేహంగా దీనికే. ఆ పలుచని మెడే రీలోడింగ్‌లో, అంటే గొట్టాలను తిరిగి నింపేటప్పుడు, ఇబ్బంది పెడుతుంది. చేయి కాస్త కరుకైతే నలిగిపోతుంది.

రైఫిళ్ల విషయానికి వస్తే, ఇటలీలో ఉబెర్టి కంపెనీ చేసే వించెస్టర్ 1873 నమూనా పోటీ మైదానాలలో విరివిగా కనిపిస్తుంది, అందుకు కారణం దాని యంత్రంలోనే ఉంది. ఇందులో తూటా పడుకొని ఉన్న చిన్న దిమ్మె లిఫ్టులా నిటారుగా పైకి లేచి, తూటాను ఛాంబర్‌కు ఎదురుగా నిలబెడుతుంది. అందుకే అది వంకరపోయే అవకాశం తక్కువ. లోపల మోకాలిలా మడుచుకునే టాగుల్ కీళ్లను మార్చి మీట తిరుగుడును పొట్టిగా చేసుకునే వీలు కూడా ఉంది. అయితే ఆ దిమ్మెకు తూటా పొడవంటే పట్టింపు ఎక్కువ: తూటా మరీ పొడవైతే ముక్కు మ్యాగజైన్‌లోనే ఉండిపోయి దిమ్మె లేవదు, మరీ పొట్టిదైతే తర్వాతి తూటా అంచు దిమ్మె లోపలికి చొరబడి అడ్డుపడుతుంది. మొదట్లో నేను పొట్టిగా బిగించిన ఒక పెట్టెడు తూటాలు ఈ పాఠాన్ని రెండు అంకాల మధ్య నేర్పించాయి. ఇదే యంత్రం ఉన్న 1866 నమూనా ఇత్తడి చట్రంతో అందంగా ఉంటుంది. పనితీరులో పెద్ద తేడా లేదు.

అమెరికన్ తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ రూపొందించిన వించెస్టర్ 1892 రైఫిల్ టాగుల్ యంత్రం కంటే ఎంతో దృఢమైనది. బ్రెజిల్‌లో రోస్సీ కంపెనీ చేసే నమూనా ధరలో కూడా తేలిక. కానీ మన పోటీ తూటాలకు ఆ దృఢత్వంతో పని పడదు, పైగా పొట్టి .38లు కొన్ని 1892లలో తడబడతాయి, అప్పుడు .357 గొట్టంలో తేలిక మోతాదు వేసుకుంటే కుదుటపడతాయి. మార్లిన్ కంపెనీ 1894 రైఫిల్ తేలికైనది, విప్పి శుభ్రం చేయడం సులువు. దాని బలహీనత తూటాను ఎత్తే చెంచా భాగం అరిగినప్పుడు బయటపడుతుంది: రెండో తూటా కిందికి జారి మీట మధ్యలో బిగుసుకుపోతుంది. ఆ భాగాన్ని సరిచేయించుకున్న మార్లిన్ తక్కువ ఖర్చులో మంచి సహచరి.

కనుక కొత్తవారికి నా సలహా .357 ఛాంబర్ ఉన్న 1873, అందులో 125 గ్రెయిన్ల చదును ముక్కు .38 స్పెషల్. డబ్బు చాలకపోతే అదే ఛాంబర్‌లో మార్లిన్. రివాల్వర్లు ఇప్పటికే .45వి అయితే రైఫిల్ కూడా .45లోనే తీసుకోవడం మేలు, ఎందుకంటే తొందరలో ఉన్న చేతులు లోడింగ్ బల్ల మీద రెండు రకాల తూటాలను కలిపివేస్తాయి.

డల్లాస్‌లోనో ఫీనిక్స్‌లోనో ఉండి ఈ క్రీడ మీద మక్కువ పడిన తెలుగువారు కొనుగోలుకు ముందు ఒక విషయం సరిచూసుకోవాలి. హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకిని గాని, ఒక్క తూటాను గాని దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపులు ఉన్నా, అవి తమకు వర్తిస్తాయో లేదో న్యాయవాదిని అడిగి తేల్చుకోవాలి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు.