గ్లూ కంప్రెసర్‌తో ఆరేళ్లు: మాస్టర్ మీద ఎప్పుడు, ఎప్పుడు వద్దు

"తమ్ముడూ, డప్పు పడ్డప్పుడల్లా ఆ అమ్మాయి గొంతు లోపలికి పోయి వస్తోంది. కావాలనే చేశావా?" మాస్టరింగ్, అంటే పాటకు ఆఖరి మెరుగు దిద్దే అన్న ఫోన్. కావాలని కాదు. ఊరి జాతర పాట, గట్టిగా వినబడాలని మాస్టర్ మీద (అన్ని ట్రాకులూ కలిసే చోట) గ్లూ కంప్రెసర్ (పెద్ద శబ్దాల్ని అణచి పాటంతటినీ అతికించే ప్లగిన్) పెట్టి, 4:1 రేషియోలో (హద్దు దాటిన ప్రతి 4 డీబీకి ఒకటే బయటికి), ఎటాక్ (నొక్కడానికి పట్టే సమయం) 0.3 మిల్లీసెకన్లకు లాగి, ఎంత నొక్కుతోందో చూపే ముల్లు 6 డీబీ దిగేదాకా నొక్కేశాను. పాట అతుక్కుందనుకున్నా. అతుక్కోలేదు, ఊపిరాడక కొట్టుకుంటోంది.

చెన్నై సాలిగ్రామంలో అద్దె గదిలో కూర్చుని తెలుగు పాటలు మిక్స్ చేస్తుంటాను. ఈ ప్లగిన్ 2013లో ఏబుల్టన్ లైవ్ 9 అనే పాటల సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది. 80ల నాటి పెద్ద కన్సోల్‌లో ఉన్న బస్ (కొన్ని ట్రాకులు కలిసి వెళ్లే దారి) కంప్రెసర్‌ని చూసి, సైటోమిక్ అనే ప్లగిన్ కంపెనీ వాళ్లతో కలిసి చేశారు. రేషియోలు మూడే: 2, 4, 10. ఎటాక్ 30 మిల్లీసెకన్లతో ఆగిపోతుంది.

ఆ 30 విలువ తెలియడానికే నాకు ఏడాది పట్టింది. అక్కడ పెడితే డప్పు మీద పుల్ల తగిలిన 'టక్' ముందే దాటిపోతుంది, కంప్రెసర్ తర్వాతి మోత మీద పడుతుంది. 0.3 దగ్గర ఆ టక్కే తెగిపోతుంది. రిలీజ్ (నొక్కింది వదలడానికి పట్టే సమయం) సంగతి తాళాన్ని బట్టి. 120 బీపీఎం (నిమిషానికి 120 దెబ్బలు) పాటలో రెండు దెబ్బల మధ్య ఉండేది అర సెకను. రిలీజ్ 1.2 సెకన్లు పెడితే ముల్లు పైకి వచ్చే లోపే ఇంకో దెబ్బ పడుతుంది. అందుకే 0.4, లేదా ఆటో. అసలు కంప్రెసర్‌ని రెచ్చగొట్టి మిక్స్‌ని ఎక్కువగా తొక్కించేది బేస్, కిక్ (డ్రమ్ లావు దెబ్బ). సైడ్‌చైన్ ఈక్యూలో (కంప్రెసర్ దేన్ని విని నొక్కాలో దాన్ని మాత్రమే సవరించే చోట) 100 హెర్ట్జ్ కింద కోసేస్తే కంప్రెసర్ వాటిని అంతగా పట్టించుకోదు. జాతర పాట అలాగే దారికొచ్చింది: 2:1, ముల్లు ఒకటి, మహా అయితే రెండు డీబీ.

మాస్టర్ మీద దీన్ని పెట్టేది చివర్లో కాదు. డప్పు, బేస్, గొంతు, ఈ మూడూ ఏ ప్లగిన్ లేకుండా నిలబడ్డాక పెడతాను, మిగతావన్నీ దాని మీదకే కలుపుతాను. అంతా అయ్యాక పెడితే అప్పటిదాకా చూసుకున్న ఫేడర్ల (ట్రాకుల మోత పెంచి తగ్గించే మీటల) లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఎనిమిది ట్రాకుల కోరస్ బస్ మీదైతే 3 డీబీ కూడా సరదాగానే ఉంటుంది.

నొక్కాక తగ్గిన మోతను తిరిగి పెంచే మేకప్ నాబ్ దగ్గర మాత్రం జాగ్రత్త. రెండు డీబీ పెంచితే చాలు, ఏ చెత్త మిక్సయినా చెవికి బాగుందనిపిస్తుంది. ప్లగిన్‌ని బైపాస్ చేసినా (పక్కన పెట్టినా) చేయకపోయినా ఒకే మోత వచ్చేలా సరిచూసుకుని, కళ్లు మూసుకుని మార్చి మార్చి వింటాను. సగం సార్లు తేడా తెలియక తీసేస్తాను. (ఆర్కాట్ రోడ్డులో మెట్రో పని జరిగిన రోజుల్లో పగలు గది గోడలు కూడా వణికేవి కాబట్టి ఈ వినడమంతా రాత్రి పదకొండు తర్వాతే ఉండేది.)

నాటకం పద్యాలకు మాత్రం మాస్టర్ మీద ఇది పెట్టను. ఒకసారి పెట్టి చూశా. పద్యం పాడే ఆయన రాగం సాగదీసి, చివర్న గొంతు వదిలి ఊపిరి పీల్చుకున్నాడు. సరిగ్గా ఆ క్షణంలో ముల్లు వెనక్కి వచ్చి, వెనకున్న హార్మోనియం ఉన్నట్టుండి ముందుకొచ్చి కూర్చుంది. తాళం లేని చోట రిలీజ్‌ని దేంతో కొలుస్తాం? తీసేసి, గొంతు ఆగిన ప్రతి చోటా హార్మోనియం ఫేడర్‌ని చేత్తో గీసుకుంటూ కూర్చున్నా. నాలుగు పద్యాలకు ఒక రాత్రి పట్టింది.