సాక్సు బొమ్మా, వేలి బొమ్మలా, పుల్ల బొమ్మలా?

పుస్తకంలో ఉన్నదీ బొమ్మే, చేతికి తొడిగేదీ బొమ్మే. ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లల ముందు ఈ రెండూ పోటీపడితే చేతి బొమ్మే గెలుస్తుంది, పుస్తకం పక్కకు పోతుంది. అందుకే పిల్లలకు కథల పుస్తకం చదివేటప్పుడు ఆడించడానికి పప్పెట్ (చేత్తో ఆడించే బొమ్మ) ఎంచుకునే ముందు చూసుకోవాల్సింది ఇదే: దానివల్ల పిల్ల చూపు పేజీ మీద నిలుస్తుందా, పేజీ తిప్పడానికి మనకో చెయ్యి మిగులుతుందా?

ఒక్క పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివేటప్పుడు మా ఓటు సాక్సుతో చేసి చేతికి తొడిగే బొమ్మకే. దాన్ని కథలో పాత్ర చేయక్కర్లేదు. పక్కనుండి కథ వినే నేస్తాన్ని చేస్తే ఏ పుస్తకానికైనా అదొక్కటే సరిపోతుంది. పేజీలో పిల్లిని చూసి అది "అదిగో కుక్క!" అందనుకోండి, మాటలు వస్తున్న పిల్ల "కాదు, పిల్లి" అంటూ పేజీ మీద వేలు పెడుతుంది. మనం అడిగే పది ప్రశ్నలకన్నా ఈ ఒక్క తప్పు ఎక్కువ పనిచేస్తుంది.

ఆడించడంలోనే ఉంది కిటుకంతా. నోరు తెరవాలంటే బొటనవేలిని కిందికి దించాలి. చాలామంది పైనున్న నాలుగు వేళ్లనూ ఎత్తేస్తారు; దాంతో తల వెనక్కి వాలి బొమ్మ పైకప్పును చూస్తూ మాట్లాడుతుంది. దాని ముఖం ముందు పేజీవైపు, తర్వాత పిల్లవైపు తిప్పండి. ఆ చూపు వెంటే పిల్ల చూపూ వెళ్తుంది. మీరు చదువుతున్నంతసేపూ దాని నోరు మూసే ఉంచాలి, లేకపోతే మాట ఎవరిదో పిల్లకు అంతుబట్టదు. కళ్లకు గుండీలు వద్దు, ఊడితే నోట్లోకే పోతాయి, దారంతో కుట్టేయండి. నోటి లోపల అట్టముక్క పెడితే ఒక్క ఉతుకుకే మెత్తబడిపోతుంది, రెండు పొరల ఫెల్ట్ గుడ్డ నిలుస్తుంది.

జంతువులు ఒకదాని వెంట ఒకటి వచ్చే కథకు వేలి బొమ్మలు బాగుంటాయి. కానీ ఐదు వేళ్లకూ తొడగకండి. ఉంగరపు వేలు ఒక్కటే విడిగా సరిగ్గా లేవదు, పక్క వేళ్లనూ లాక్కొస్తుంది. చూపుడు వేలికొకటి, బొటనవేలికొకటి చాలు. ఇక అతికించిన ముక్కులు, చెవుల సంగతి. మూడేళ్లలోపు పిల్లల ఆటవస్తువులను పరీక్షించే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, ఊడిన ముక్క అందులో పూర్తిగా ఇమిడిపోతే గొంతుకు అడ్డం పడొచ్చు. కథయ్యాక ఇవి పెద్దల చేతిలోనే ఉండాలి.

ఐదారుగురు పిల్లలు ఎదురుగా కూర్చుంటే వేలి బొమ్మ వెనకవాళ్లకు ఆనదు. అక్కడ అరచేతంత పుల్ల బొమ్మలు నయం. పుస్తకంలోని బొమ్మనే జిరాక్స్ తీసి అట్టకు అంటిస్తే పేజీలోదీ చేతిలోదీ ఒకటేనని పిల్లలు ఇట్టే గుర్తుపడతారు. పుల్లను రెండు అట్టల మధ్య పెట్టి అంటించాలి, ఒకవైపే అంటిస్తే రెండో రోజుకు ఊగులాడుతుంది. పని లేనప్పుడు గ్లాసులో నిలబెట్టొచ్చు, రెండు చేతులూ ఖాళీ. పిల్లల చేతికిచ్చేటప్పుడు మాత్రం పుల్ల తీసేసి వెనక అట్టపట్టీ అంటించండి, పుల్లతో నడుస్తూ పడితే కంటికి ప్రమాదం.

ఏ పప్పెట్టయినా కొందరు పిల్లలు మొదట జడుసుకుంటారు. అప్పుడు బొమ్మను వాళ్ల మీదికి తేకుండా పుస్తకం వెనకే దాచి, కళ్లు మాత్రం బయటకు పెట్టి ఆగండి. చెయ్యి చాచాల్సింది పిల్లే.